మామయ్యగారు మడిచిన ఆకాశం

మా మామయ్యగారంత ఉపకారి ఎక్కడా దొరకరు. అత్తయ్యగారి చిత్రకళ అభివృద్ధికి జీవితమంతా ధారపోశారు, ఆవిడ వద్దు మొర్రో అంటున్నా సరే.

అత్తయ్యగారు కొండలూ చెట్లూ చేలూ వేస్తారు. కాన్వాసు గుడ్డ ముందుగది గోడకి బిగించి, తీరిగ్గా. మామయ్యగారిది పటాలు కట్టే దుకాణం. ఆయన చెక్క కోసేది ఒకటే కొలత. బొమ్మ ఆ కొలత దాటితే, పైభాగం వెనక్కి మడిచి మేకులు కొట్టేయడమే.

"అయ్యో, ఆకాశమండీ అది!"

"ఆకాశంలో ఏముందే? అంతా ఖాళీయే. ఖాళీకి చెక్క దండగ."

ఆ విధంగా ఆవిడ కళ పరిణతి చెందింది. పెళ్లికి ముందు వేసినవాటిలో ముప్పాతిక ఆకాశమే. కాపురానికొచ్చాక చారెడు. నడివయసుకి అదీ లేదు. పత్రికలవాళ్లు పరవశించిపోయారు: 'ఆకాశాన్ని త్యజించి మట్టిని వరించిన కళాకారిణి' అట! ఆ ముక్క కత్తిరించి మామయ్యగారు దుకాణంలో పటం కట్టుకున్నారు. దాన్ని మాత్రం ఎక్కడా మడవలేదు.

ఆవిడ ప్రతిభలో ఒక్క లోపమే ఆయనకి మింగుడుపడలేదు. హాల్లో వేలాడే పెద్ద బొమ్మలో చెట్లన్నీ ఎడమవైపుకి ఒరిగి ఉంటాయి. ఇంటికొచ్చినవాళ్లకి కాఫీతోపాటు ఇదీ అందించేవారు: "మా ఆవిడకి చెట్టు నిలువుగా వెయ్యడం రాదు. చూడండి, తాగి తూలుతున్నట్టు లేవూ?" అత్తయ్యగారు అక్కడ నవ్వేసి వచ్చేవారు. వంటింట్లో గిన్నెలు మాత్రం నవ్వేవి కావు.

ఇప్పుడు ఆవిడ ఇన్నేళ్లుగా వేసినవన్నీ ఒక్కచోట పెట్టి ప్రదర్శన చేస్తామని కబురొచ్చింది.

"ఈసారైనా ఆకాశాలతో పెట్టనివ్వండి. ఇంకో ప్రదర్శన చూసే వయసు కాదు నాది."

"నీకు పేరొచ్చిందే నా మడతవల్ల. విప్పితే ఉన్నది కాస్తా పోతుంది," అని ఆయన మేకులు పీకే సామానంతా దుకాణంలో పెట్టి తాళం వేసేశారు.

పాపం, కుట్టుమిషను సొరుగులో స్క్రూడ్రైవరు ఉంటుందని ఆయనకెలా తెలుస్తుంది?

ఆయన భోంచేసి కునుకు తీసి లేచేసరికి హాల్లో బొమ్మ నేలమీద పరుచుకుని ఉంది.

"ఎవరు విప్పారిది?"

"దుమ్ము దులుపుతుంటే ఊడిపోయిందండీ మామయ్యగారూ," అన్నాను.

మడత దగ్గర రంగు పెచ్చులూడింది. దానిపైన, కుడిచేతి మూలనుంచి నల్లటి మబ్బు కమ్ముకొస్తోంది, గాలినీ వాననీ ముందుకి తోసుకుంటూ. కింద చెట్లన్నీ దానికి వీపు పెట్టి వంగిపోయాయి.

ఆయన చతికిలబడ్డారు. మబ్బు తడిమారు. చెట్లు తడిమారు. గుమ్మంలో నిలబడ్డ అత్తయ్యగారికేసి తిరిగారు.

"గాలివానటే ఇది?"

"మరేమనుకున్నారు?"

"ఒక్కమాట చెప్పచ్చుగా!"

"చెప్పాను. అప్పుడు మీరు మేకు కొడుతున్నారు."

ఆయన కండువాతో మబ్బుమీది దుమ్ము తుడిచారు. "చెట్లు సరిగ్గానే వేశావే. తప్పు నాదే," అని గొణిగారు.

అత్తయ్యగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు.

"తప్పు నాదే అంటున్నానే!"

ఈసారి వీధిలోకి కూడా వినపడింది.