మొదటి డప్పు మనది కాదు

హ్యూరాన్ సరస్సు ఒడ్డున మా ఒజిబ్వే ఆదివాసుల ఊళ్ళో నా డప్పు నేనే కొట్టుకుంటానని నాకు పేరుంది. నిజమే. మిగతావాళ్ళకి తీరిక లేనప్పుడు ఆ పని ఇంకెవరు చేస్తారు? కానీ డప్పు తయారీలో చెయ్యి పెట్టడం మాత్రం యాభై రెండో ఏట గాని కుదరలేదు. అదీ మా రోసెల్లా అక్క కోసం.

రెండేళ్ళ కిందట మార్చిలో చేపలు పడుతుంటే సరస్సు మీద మంచు పగిలి మా బావ విల్‌ఫ్రెడ్ పోయాడు. పక్కనే ఉన్న అతని స్నేహితుడు ఆల్ఫియస్ పాక్కుంటూ ఒడ్డుకి చేరాడు. ఆ రోజునుంచి అక్క ఆల్ఫియస్‌తో మాట మానేసింది, అందరితోనూ పాట మానేసింది. ఆమె ఫ్రీజర్లో చేపల అడుగున బావ ఆఖరిసారి వేటాడిన మూస్ తోలు ఉంది. మూస్ అంటే గుర్రాన్ని మించిన దుప్పి. మూసిన ఫ్రీజర్లో మూస్, దాని పక్కన నోరు మూసుకున్న మా అక్క.

"ఆ తోలు పట్టుకుని రమ్మను. కొన్ని ఏడుపులు కళ్ళలోంచి పోవు, చేతుల్లోంచే పోవాలి," అంది ఫిలొమీన్ పెద్దమ్మ. మా ఊళ్ళో డప్పులు చెయ్యడం నేర్పేది ఆవిడే.

అక్క రానంది. మాలో మొదట చేసిన డప్పు ఎవరూ ఉంచుకోరు, ఇంకొకరికి ఇచ్చెయ్యాలి.

"విల్‌ఫ్రెడ్ ఆఖరి మూస్‌ని ఎవరికో ఇవ్వనా? ఛస్తే ఇవ్వను!"

"నీకిది మొదటిదెక్కడే అక్కా? బళ్ళో ఉన్నప్పుడు పందికొవ్వు డబ్బాకి గుడ్డ బిగించి ఒకటి చేశావుగా. లెక్కకి ఇది రెండోది. పెద్దమ్మ కూడా సరేనంది," అన్నాను. ఆ సంగతి పెద్దమ్మకి మాత్రం చెప్పలేదు.

అక్క వచ్చింది. తోలు కరిగాక చూస్తే అంచులన్నీ పాడైపోయి ఉన్నాయి. నడుమ ఒక్క డప్పుకి సరిపడా ముక్క మిగిలింది. పొగాకు చిటికెడు నేలమీద ఉంచి, ఆ మూస్‌కి దణ్ణం పెట్టుకుని మొదలుపెట్టాం. బూడిద నీళ్ళలో నానింది తోలు, నానా తంటాలు పడ్డది నేను. వెంట్రుకలు గీకలేక చేతులెత్తేస్తే పెద్దమ్మ నన్ను వాయించింది.

"ఏరా నోర్బర్ట్, రోజూ బస్సు తోలేవాడివి, ఈ తోలు దగ్గర ఇంత నీరసమేంట్రా?"

"అది తోలితే కదులుతుంది పెద్దమ్మా, ఇది కదలదు!"

దేవదారు చట్రం మీద తడి తోలు పరిచి, వెనకనుంచి తోలు తాడుతో అల్లాలి. అక్క తాడు పట్టుకుని పళ్ళు కొరుకుతూ లాగింది. చట్రం కిర్రుమంది.

"అంత లాగకే తల్లీ. ఆరేటప్పుడు అదే బిగుస్తుంది. ఇప్పుడే బిగిస్తే చట్రం వంకరపోతుంది. విప్పు," అంది పెద్దమ్మ.

అక్క విప్పింది. మళ్ళీ అంతే లాగింది. మూడోసారి విప్పుతూ ఏడ్చేసింది. నేను తుడవడానికి గుడ్డ తెస్తే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"పడనీరా. తోలు తడిగానే ఉండాలిగా."

నాలుగోసారి అక్క వేళ్ళు నెమ్మదించాయి. ముడి వేశాక పెద్దమ్మ మామూలుగానే అడిగింది, "ఎవరికిస్తావే దీన్ని?"

"ఎవరికీ ఇవ్వను. ఇది రెండోదిగా, పందికొవ్వు డబ్బా మొదటిది. నువ్వే సరేనన్నావట?"

పెద్దమ్మ నావైపు తిరిగింది. నేను బూట్ల వైపు తిరిగాను.

"డబ్బా కోసం ఎవరూ ప్రాణమివ్వలేదే తల్లీ. ఇదే మొదటిది. ఆరడానికి వారం పడుతుంది. ఆలోచించుకో."

ఆ వారం అక్క నాతో కూడా మాట్లాడలేదు. నేను మాత్రం మా ఇంటి గోడకి మేకు కొట్టి ఉంచాను. ఎలాగూ ఇవ్వాల్సిందే కదా, తమ్ముణ్ణి, గోడ ఖాళీగా ఉంది, ఇస్తే పుచ్చుకుందామని.

శనివారం పొద్దున్న పెద్దమ్మ డప్పుని పొగలో తిప్పి, నాలుగు దెబ్బలు కొట్టి మేలుకొలిపింది. అక్క దాన్ని బావ గళ్ళ చొక్కాలో చుట్టుకుని నా బండెక్కింది. నేను మా ఇంటివైపు తిప్పబోయాను.

"ఎడమకి పోనీ."

"ఎడమకి ఆల్ఫియస్ ఇల్లు తప్ప ఏముందక్కా?"

"ఎవరిల్లుందో నాకు తెలీదా? పోనీ."

ఆల్ఫియస్ తలుపు తీసి అక్కని చూసి ఒక అడుగు వెనక్కేశాడు. అక్క చొక్కా విప్పి డప్పు చాచింది.

"విల్‌ఫ్రెడ్ మూస్. చిత్తడిలో పడితే నడుంలోతు నీళ్ళలోంచి లాగింది నువ్వేగా?"

"దాన్ని లాగగలిగాను," అన్నాడు ఆల్ఫియస్.

అక్క డప్పు వెనక్కి తీసుకుంటుందనుకున్నాను. తీసుకోలేదు.

"రెండేళ్ళు నువ్వు విల్‌ఫ్రెడ్‌ని లాగలేదనే అనుకున్నాను ఆల్ఫియస్. ఆ మాటే అంత గట్టిగా పట్టుకుంటే నాకే ఊపిరాడలేదు. తీసుకో."

"నాకు తగదు రోసెల్లా."

"తగేదీ తగనిదీ ఇచ్చేదాన్ని నేను చూసుకుంటా. చెయ్యి పెట్టు."

పెట్టాడు. తన చొక్కా అంచుతో ముక్కు తుడుచుకుని, "నాకు తాళం రాదు. నేను కొడితే విల్‌ఫ్రెడ్ చెవులు మూసుకునేవాడు," అన్నాడు.

"తెలుసు. ఇంటికొచ్చి నాకు చేసి చూపించేవాడు."

ఇద్దరూ నవ్వారు. పొయ్యి మీద టీ మరుగుతుంటే కూర్చున్నాం. నాకు నోటిదాకా మూడు జోకులొచ్చాయి, మూడూ మింగేశాను. అక్క మోకాలి మీద చేత్తో దరువేసి చూపించింది. ఆల్ఫియస్ కొట్టాడు.

"తప్పు. మళ్ళీ కొట్టు."

కొట్టాడు. ఇంకా తప్పే.

అక్క కోటు విప్పి కుర్చీకి తగిలించి, కుర్చీని అతని దగ్గరికి లాక్కుంది. "మళ్ళీ," అంది.