పాఠకులు చక్కదిద్దిన కాపురం

ఆ కథ పేరు నేను చెప్పను. చెబితే దానికి ఇంకో పాఠకురాలు పెరుగుతుంది. ఉన్నవాళ్ళతోనే నా కొంప మునిగింది.

నరసరావుపేట శివార్లలో, కోల్డ్ స్టోరేజీ పక్కన ఉన్న రేకుల షెడ్డులో మేం ఎండుమిరపకాయల ముచ్చికలు, అంటే తొడిమలు, తీస్తాం. మేమంటే మా అమ్మ నాగులమ్మ, కోటేశ్వరి పిన్ని, నేను, ఇంకా మా వీధి ఆడవాళ్ళు. చేతులకు పని ఉంటుంది, చెవులకు ఉండదు. అందుకని కోటేశ్వరి పిన్ని తన ఫోన్లో కథల యాప్ పెట్టి అందరి మధ్యలో ఉంచుతుంది. ఎవరో అమ్మాయి గొంతు భాగాలు భాగాలుగా చదువుతూ పోతుంది. ఒక భాగం అయిపోగానే పిన్ని కింద జనం రాసిన కామెంట్లు కూడా చదివి వినిపిస్తుంది. ఆపైన షెడ్డులో తీర్పులు మొదలవుతాయి. కోర్టులో కూడా అంత తొందరగా తేల్చరు.

నేను మొగుణ్ణి వదిలి పుట్టింటికి వచ్చేసినదాన్ని. మా ఆయన శివనాగరాజు దాచేపల్లిలో సిమెంటు లారీ నడుపుతాడు. నన్ను చేసుకోక ముందే కృష్ణానది అవతల అతనికి ఒక పెళ్ళాం, కొడుకు ఉన్నారు. మా అత్తకు తెలుసు, నాకు తెలియదు. మొన్న శివరాత్రికి నా కూతురు వర్షిణిని ఎత్తుకుని కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్ళాను. లోడు మీద ఉన్నానని ఫోన్లో చెప్పిన మనిషి, ఆకాశమంత ఎత్తు కట్టిన ప్రభ కింద నిలబడి, ఒక పిల్లాణ్ణి భుజాల మీద కూర్చోబెట్టుకుని లైట్లు చూపిస్తున్నాడు. ఆ పిల్లాడు అతని జుట్టు పట్టుకుని నాన్నా అంటున్నాడు. అంత గోలలోనూ నాకు ఆ ఒక్క మాటే వినబడింది.

కన్నతల్లి ముందు కూడా ఆ సంగతి నోరు దాటి రాలేదు. ఎవరో చెబితే తెలిసిందన్నాను. ఒక్క వందనకే పూసగుచ్చినట్టు చెప్పాను. వందన నా ఆడబిడ్డ, డిగ్రీ చదివిన పిల్ల. నన్ను పట్టుకుని నాకంటే ఎక్కువ ఏడ్చింది.

ఒకరోజు పిన్ని ఫోన్లోంచి నా తిరునాళ్ళ వినబడింది. ప్రభ, లైట్లు, భుజాల మీద పిల్లాడు, జుట్టు, నాన్నా అన్న పిలుపు. ఆ మాటలు నేను వందనకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

"ఎర్రిమొకం కాకపోతే, ఇన్నేళ్ళు కాపురం చేసి మొగుడికి ఇంకో ఇల్లుందని తెలీకుండా ఎట్టుంటది?" అంది కోటేశ్వరి పిన్ని.

"మా ప్రసన్నకి మాత్రం తెలిసిందా? అట్టాంటి వెధవలు కడుపులోది బయటికి పొక్కనియ్యరు," అంది అమ్మ. తర్వాత నా వైపు తిరిగింది. "అచ్చం నీ కతేనే. చూద్దాం, ఆ పిల్ల ఏం చేస్తదో."

ఆ రోజు నాకు అమ్మ మీద ప్రేమ పొంగుకొచ్చింది. నాకు సలహా ఇవ్వడం మానేసి, ఆ కథలో పిల్ల ఏం చేస్తుందా అని కాచుకుని కూర్చుంటోందని నాకు తోచలేదు.

మొదట్లో కామెంట్లలో వాణ్ణి చెప్పుతో కొట్టాలన్నవాళ్ళే ఎక్కువ. తర్వాత, వాళ్ళను విడదీయొద్దు రచయిత్రి గారూ అని బతిమాలేవాళ్ళు మొదలయ్యారు. కథ తిరిగింది. హీరో వానలో మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చాడు. మొదటి పెళ్ళాం మేనమామ కూతురట. మామ చావుబతుకుల్లో పిల్ల చెయ్యి ఇతని చేతిలో పెట్టాడట. హీరోయిన్ అంటే ప్రాణం కాబట్టే ఆ సంగతి దాచాడట.

"పాపం, లోపల ఎంత నలిగిపోయాడో," అంది పిన్ని. "మోసమంటే ఆస్తి కోసం చేసేది. ఇది ప్రేమ పోతదని దాయటం. రెండూ ఒకటెట్టా అయితయ్?"

అందరూ ఔనన్నారు. అమ్మ మిరపకాయ తుంచుతూ తల ఊపింది. ఆ ఊపు చూసి నాకు భయమేసింది.

వందనకు ఫోన్ చేశాను. "మీ అన్న ఎప్పుడు ఏడ్చాడే?" అన్నాను.

"పేర్లు మార్చాను కదా వదినా. అందరూ నీకోసం ఎంత బాధపడుతున్నారో తెలుసా? నెగటివ్ ఎండింగ్ వద్దని రీడర్స్ ఒకటే అడుగుతున్నారు. నేనేం చెయ్యను?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ యాప్ నా ఫోన్లోనూ వేసుకుని కామెంట్ రాశాను. ఈ కథ నాది, ఆ మనిషి ఏడవలేదు, తెలిసింది గదా ఇంక గోల చెయ్యబాక అని అన్నం తిని చెయ్యి కడుక్కున్నాడు అని ఉన్నదున్నట్టు పెట్టాను. వెంటనే జవాబులొచ్చాయి. ఇంత కసాయి మనుషులు ఉండరండీ, నమ్మేలా లేదు. రచయిత్రి మీద కుళ్ళు. ఇన్నేళ్ళు తెలియకుండా ఉంటుందా, కాస్త లాజిక్ ఉండాలి. ఆ చివరి మాటకు వందన హార్ట్ పెట్టింది.

ఆఖరి భాగంలో హీరోయిన్ సంచీ సర్దుకుని మొగుడితో వెళ్ళిపోయింది. షెడ్డంతా ఏడ్చింది. అమ్మ చేతులకు మిరప ఘాటు ఉందని మోచేతితో కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున్నే శివనాగరాజు మా గుమ్మంలో ఉన్నాడు. అమ్మే ఫోన్ చేసి రమ్మందట. అతను నా వైపు చూసి, ఎన్నడూ లేనిది, మెల్లగా మాట్లాడాడు.

"నీకు చెబితే నన్ను వదిలి పోతావని భయపడ్డా ప్రసన్నా. నిన్ను పోగొట్టుకోలేకే దాచా."

వానలో హీరో అన్న మాట, పొల్లుపోకుండా అదే. అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అమ్మా, అవి వాళ్ళ చెల్లెలు రాసిన మాటలు. ఆ కత రాసింది వందనే," అన్నాను.

అమ్మ కళ్ళు తుడుచుకోబోయి అతని వైపు చూసింది. ఆ క్షణంలో నేను గెలిచాననుకున్నాను.

"ఇంకా మంచిది గదే," అంది. "అన్న మనసులో ఏముందో తోడబుట్టిందానికి తెలీదా? అంతమంది చదివి కళ్ళు తుడుచుకున్నారు. నీ ఒక్కదానికే నమ్మకం కుదరదా?"

"నేను పోనమ్మా."

"ఆ పిల్ల పోలా? నువ్వు ఆ పిల్ల కంటే ఎక్కువా?"

అమ్మ నా బట్టలు అప్పటికే సంచీలో సర్దేసింది. అతను మోసం చేస్తే ఏడ్చాను, తిట్టాను, ఆ ఇల్లు వదిలి ఈ ఇంటికి వచ్చాను. ఈ ఇల్లు వదిలి పోవడానికి నాకు ఇంకో ఇల్లు లేదు. అమ్మ కింద కూర్చుని వర్షిణి కాళ్ళకు చెప్పులు తొడుగుతోంది.