పొట్టి నిలబడే చోటు

టీచరమ్మ కాళ్లు ఒకచోట ఊరుకునే రకం కాదు. పన్నెండేళ్లు వేదికల మీద ఆడింది. ఆ తర్వాత ఇరవై రెండేళ్లు పిల్లలకు డాన్సు పాఠాలు చెప్పింది. ఇప్పుడేమో కమ్యూనిటీ హాల్లో సోమవారం సోమవారం పెద్దవాళ్లకు ఉచితంగా డాన్సు నేర్పుతోంది. మోకాళ్లు మొరాయిస్తున్నా మానదు. దాన్ని పట్టుదల అంటారో, మొండితనం అంటారో మీ ఇష్టం.

ఆ క్లాసుకు వచ్చేవాళ్లలో ఆవిడ సొంత అక్క కూడా ఉంది. ఆ పన్నెండేళ్లూ వేదిక మీద వాళ్లిద్దరిదీ విడదీయరాని జంట. అక్కకిప్పుడు మతిమరుపు జబ్బు. కన్నకొడుకును పట్టుకుని కరెంటు మీటరు చూడ్డానికొచ్చావా అని అడుగుతుంది. చెల్లెల్నీ పోల్చుకోదు. కానీ తమ జంట నాట్యం పాట మొదలైందా, మనిషి ఎక్కడినుంచో వెనక్కి వచ్చేస్తుంది. "పొట్టీ, భుజం వాల్చకు" అని చెల్లెల్ని చిన్నప్పటి ముద్దుపేరుతో పిలుస్తుంది. ఆ ఏడు నిమిషాలూ టీచరమ్మకు అక్క ఉంటుంది. పాట అయిపోగానే ఉండదు.

ఇది కూడా ఎంతోకాలం నిలవదమ్మా అని డాక్టరు చెప్పేశాడు. హాలు వార్షికోత్సవం దగ్గర పడుతోంది. ఆ రోజు వేదిక మీద, అక్క పక్కన, ఒక్కసారి మళ్లీ పొట్టిగా ఆడాలని టీచరమ్మ ప్రాణం కొట్టుకుపోయింది. పాపం, అంతకంటే ఏమీ అడగలేదు.

నెల రోజులు సాధన చేశారు. అక్క తడబడకుండా టీచరమ్మ ఎదురుగా నిలబడి ఆడేది. డాన్సు నేర్పేవాళ్లకు అలవాటైన పనే ఇది. నేర్చుకునేవాళ్లు కుడికి వెళ్లాలంటే, ఎదురుగా ఉన్న టీచరు ఎడమకు వెళ్లాలి. ఇరవై రెండేళ్లకు పైగా ఆవిడ ఆ అడుగును ఎడమకే వేస్తోంది.

క్లాసులో డోలు వాయించే ఆయన ఇది గమనించాడు. "అమ్మా, ఒక్కసారి పక్కపక్కన నిలబడి చూసుకోండి" అన్నాడు.

"నా డాన్సు నాకే నేర్పుతారా?" అని నవ్వి కొట్టిపారేసింది. ఆ మాత్రం గీర ఆవిడకు మొదట్నుంచీ ఉందిలెండి.

ఆ రోజు రానే వచ్చింది. ఇద్దరూ జనం వైపు తిరిగి నిలబడ్డారు, అక్క ఎడమవైపు, చెల్లెలు కుడివైపు. పాట మొదలైంది. "మొహం అలా ముడుచుకోకే పొట్టీ" అని అక్క పెదవి కదపకుండా గొణిగింది. టీచరమ్మకు కడుపు నిండిపోయింది.

మూడో చుట్టు తర్వాత ఇద్దరూ కుడికి జరగాలి. అక్క జరిగింది. టీచరమ్మ కాలు ఎడమకు పోయింది. ఆవిడ వెయ్యలేదు, కాలే పోయింది. ఇద్దరూ గుద్దుకున్నారు. అక్క తూలింది. టీచరమ్మ గబుక్కున పట్టుకుంది. డోలు ఆగిపోయింది.

అక్క ఆవిడను ఎగాదిగా చూసింది. "మీరెవరండీ?"

"నేనేనక్కా, పొట్టిని."

"కాదండీ" అంది అక్క, ఎంతో మర్యాదగా. "మా పొట్టి ఈ అడుగు ఎప్పుడూ తప్పలేదు. కాస్త పక్కకు జరుగుతారా? అది దాని చోటు."

సొంత అక్క నోట ఆ 'అండీ' విన్నాక టీచరమ్మ అక్క చెయ్యి వదిలేసింది. మెల్లగా పక్కకు జరిగింది. ఏం చేస్తుంది మరి.

తర్వాత ఇంట్లో ఒంటరిగా ఆ అడుగు కుడికి వెయ్యడం ఎన్నిసార్లు సాధన చేసిందో లెక్కలేదు. సరిగ్గా వచ్చింది కూడా. కానీ ఎప్పుడు వెళ్లి పక్కన నిలబడినా అక్క చెయ్యి అడ్డం పెట్టేది. పాట వినబడితే ఇప్పుడు తలుపు వైపు చూస్తుంది.

అక్క ఇప్పటికీ సోమవారం సోమవారం క్లాసుకు వస్తుంది. తన కుడిపక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి నిలబడుతుంది. టీచరమ్మ ఎదురుగా నిలబడి ఎడమకు అడుగు వేస్తుంది. అక్క బుద్ధిగా కుడికి వేస్తుంది.

"మీరు బాగానే చేస్తారు టీచరుగారూ" అంది మొన్న. "మా పొట్టి రానివ్వండి, అప్పుడు చూద్దురుగాని."

"అలాగేనండీ" అంది టీచరమ్మ.