కోమల చీర, హనుమంతు చుట్టబట్ట

భైంసా మార్కెట్ యార్డులో సోయా జల్లెడ పట్టే మిషన్ హోరుమంటుంటే హమాలీ హనుమంతు ఫోన్ మోగింది. ఊళ్ళో పక్కింటి సత్తమ్మ.

“హనుమంతూ, కోమల మంచం దిగుతలేదు.”

మిషన్ ‘మంచం’ చివరి సున్నాను మింగేసింది. హనుమంతుకు ‘మంచె’ అని వినపడింది. పెళ్ళాం జొన్నచేన్లో మంచె ఎక్కి పిట్టల్ని కొడుతోంది గాబోలు అనుకున్నాడు.

“ఉండనియ్యక్కా. దిగితే చేను పిట్టల పాలు,” అని ఫోన్ జేబులో వేశాడు.

ఆ రోజు అతని ధ్యాస నేల మీద లేదు. పొద్దున్నుంచీ బస్తాలు బరువుండడం మానేశాయి. నెత్తి మీద రెండు, చంకకొకటి. క్వింటాలు సోయా అప్పడాల కట్టలా తోస్తోంది. బరువు పోయింది, పరువు పెరిగింది. హనుమంతు హనుమంతుడయ్యాడు. పేరులో ‘డు’ తగ్గిన లోటు ఇన్నేళ్ళకు తీరింది.

“పొద్దుగాల ఏం తిన్నవన్నా?” అన్నాడు తోటి హమాలీ ముకర్రం.

“సద్ది రొట్టె.”

“నేను సుత గదే తిన్న.”

వ్యాపారి ఓంప్రకాశ్ సేటు నవ్వాడు. “ముకర్రం, నువ్వు జర పక్కకు కూసో. ఇయ్యాల లారీ హనుమంతు ఒక్కడే నింపుతడు.”

హనుమంతుకు ఒకటే మింగుడు పడలేదు. బస్తా దించినప్పుడల్లా చెవి పక్కన ఎవరో ‘ఉస్స్’మని ఊపిరి వదులుతున్నారు. తిరిగి చూస్తే ఎవరూ లేరు. అన్ని బస్తాలు మోసినా దుమ్ములో తన అడుగులు పిల్లి నడిచినట్టున్నాయి.

కరెంటు పోయి మిషన్ ఆగింది. నెత్తిన బస్తా ఉండగానే మళ్ళీ ఫోన్.

“మంచె గాదురా, మంచం. పొద్దటిసంది లేస్తలేదు. నలుగురం పట్టినా చెయ్యి సుత కదుల్తలేదు. ఆమె మంచం దిగుతలేదు, మంచమే నేలలకు దిగుతున్నది. మంచం కోళ్ళు సగం మునిగినయి.”

హనుమంతు బస్తాను మెల్లగా దించాడు. చెవి పక్కన ‘ఉస్స్’. ఫోన్లోనూ అదే ‘ఉస్స్’. నీళ్ళ బిందె దించినప్పుడల్లా కోమల అలాగే అంటుంది.

అతని చెయ్యి తల మీదికి పోయింది. బస్తా కింద నెత్తిన పెట్టుకునే పాత చుట్టబట్ట చిరిగిపోతే, పొద్దున కోమలే తను కట్టి విడిచిన చీర చించి, ముందు తన నెత్తిన పెట్టి చూసుకుని, కుదురుగా చుట్టి ఇచ్చింది.

దాన్ని తీసి రొమ్ముకు అదుముకున్నాడు. అదే బస్తాను ఉత్త నెత్తికి ఎత్తుకున్నాడు. మెడ కటుక్కుమంది, మడమలు దుమ్ములో దిగబడ్డాయి. బరువు తగిలితే ప్రాణం ఇంత తేలికవుతుందని అతనికి తెలియదు.

“లేసింది,” అంది ఫోన్లో సత్తమ్మ. వెనక నుంచి కోమల గొంతు: “ఏందయ్యా, పొద్దటిసంది నా మీద ఏం పెట్టినవ్?”

బస్తా దించి, చుట్టూ మూగినవాళ్ళకు హనుమంతు చెప్పాడు. “బస్తాలు అల్కగ కాలే. ఎత్తింది నేను, మోసింది ఆమె. గీ సుట్టబట్ట ఆమె చీరది. మంచమంటే మంచె అనుకొని ఇంకింత మీదేసిన.”

“లారీ ఆగింది. ముచ్చట్లు ఎనక పెట్టుకోండ్రి,” అన్నాడు సేటు.

ఎవరూ కదలలేదు. ముకర్రం తన నెత్తి మీది గుడ్డ విప్పి, నీలంపూల అంచు తడిమి చూశాడు.

“గిది మా అమ్మీ చీరది,” అని ఫోన్ తీశాడు.

మిగతా హమాలీలు ఒక్కొక్కరే చుట్టబట్టలు దించి, ఎవరి చీరో చూసుకుంటున్నారు.