ఎర్ర బండి మాట తెలిసినదాన్ని

నేను ఒక స్కానర్‌ని. ఆసుపత్రిలో మనుషుల్ని గుహలోకి తోసి బొమ్మలు తీసే రకాన్ని కాను. అరచేతిలో ఇమిడే నల్లటి పెట్టెని. ఒక చిన్న తెర, దాని కింద నాలుగు బటన్లు, అడుగున ఒక మూరెడు తీగ. కారు స్టీరింగు కింద, డ్రైవరు మోకాళ్ళ దగ్గర, చాలామంది యజమానులు ఎన్నడూ వంగి చూడని సాకెట్ ఒకటి ఉంటుంది. నా తీగ అందులో గుచ్చితే బండి తన బాధలన్నీ నాతో చెప్పుకుంటుంది. నేను వాటిని తెర మీద రాసి చూపిస్తాను. చదివి ఏం చేయాలన్నది మనుషుల పని. చిక్కంతా అక్కడే వస్తుంది.

నాతోపాటు ఒకే ఫ్యాక్టరీలో పుట్టినవాటికి అన్ని కంపెనీల బండ్ల మాటలూ తలా కాస్త నేర్పారు. నాకు మాత్రం ఒకే ఒక్క కంపెనీ కార్ల భాష, పూర్తిగా నేర్పారు. మొదట్లో చిన్నబుచ్చుకున్నాను.

విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో ఉండే పళ్ళ డాక్టరు పిల్లా ఫల్గుణరావు గారు నా మొదటి యజమాని. యాభై నాలుగో ఏట ఆయన ఒక ఎర్రటి స్పోర్ట్స్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. రెండే సీట్లు. నేలకి జానెడు ఎత్తు. ఎక్కడం తేలికే, దిగేటప్పుడు మాత్రం తలుపు పట్టుకుని "అమ్మా" అంటూ లేచేవారు. మూడో నెలలో బ్రేకుల తాలూకు పసుపు దీపం వెలిగింది. మెకానిక్కు చూసి, "బ్రేకులు కంట్రోల్ సేసే యూనిట్టు మొత్తం మార్చీయాలండి బాబూ. నేకపోతే నాను గేరంటీ ఇవ్వనేను," అన్నాడు.

ఆ మాటతో డాక్టరు గారు ఇంట్లోనే ఒక స్కానర్ పెట్టుకోవాలని నిశ్చయించుకున్నారు. ఆయన కన్ను ఒక పెద్ద టాబ్లెట్ మీద పడింది. దాంతో సూట్‌కేసు నిండా తీగలొస్తాయి. వంద కంపెనీల బండ్లు చూడగలదట.

"వంద కంపెనీలు మనకెందుకండీ? మనకున్నది ఒక్క బండేగా?" అన్నారు ఆయన భార్య సత్యవేణి గారు. ఆవిడ కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు.

"రేపు ఇంకోటి కొంటేనో?"

"అప్పుడు చూద్దాం. ముందు దీని బ్రేకులతో మాట్లాడుతుందో లేదో అడగండి. ఇంజన్ సంగతి ఏ స్కానరైనా చెబుతుంది. బ్రేకులు, గేర్‌బాక్సు సంగతి కూడా చెప్పాలి. బండి నడుస్తుంటే అంకెలు చూపించాలి."

ఆయన అడగరని తెలిసి ఆవిడే ఫోను తీసుకున్నారు. బండి తయారైన సంవత్సరం చెప్పి మరీ దుకాణం వాణ్ణి అరగంట ప్రశ్నలు అడిగారు. అన్నిటికీ అవునని జవాబొచ్చింది నా విషయంలోనే. అలా పెళ్ళిచూపులు నెగ్గి వైజాగు వచ్చాను.

మొదటి రోజే నా పని నేను చేశాను. వెనక ఎడమ చక్రం వేగం చెప్పే సెన్సర్ నుంచి కబురు సరిగా అందడం లేదని స్పష్టంగా రాశాను. డాక్టరు గారు అది సగమే చదివారు. కింద 'తుడిచెయ్యి' అనే బటన్ కనిపించింది. నొక్కారు. దీపం ఆరిపోయింది.

"చూశావా సత్యా! ఒక్క నొక్కుతో బాగైపోయింది!"

బాగవలేదు మహానుభావా, దాని నోరు నొక్కావు, అని అరవాలనిపించింది. నాకు గొంతు లేదు. సాయంత్రం బీచ్ రోడ్డులో దీపం మళ్ళీ వెలిగింది. మళ్ళీ తుడిచారు. వారంలో పదకొండుసార్లు తుడిచారు. నా భయమల్లా ఒకటే. ఆదివారం ఇద్దరూ అరకు ఘాట్ రోడ్డు ఎక్కబోతున్నారు. తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కితే చక్రాలు జారకుండా కాపాడేది ఆ సెన్సరే.

శనివారం ఆయన బొటనవేలు బటన్ మీదికి వెళుతుండగా సత్యవేణి గారు చూశారు.

"పన్ను నొప్పికి బిళ్ళలు మింగుతూ ఆర్నెల్లు తిరిగొచ్చిన పేషెంటుని మీరేమంటారండీ?"

"బుద్ధుందా అంటాను."

బొటనవేలు మెల్లగా వెనక్కి వెళ్ళింది.

ఆయన కాలనీలో నెమ్మదిగా బండి తిప్పుతుంటే ఆవిడ నన్ను ఒళ్ళో పెట్టుకుని చదివారు. "ఇరవై, ఇరవై, ఇరవై... సున్నా! ఆపండి. మూడు చక్రాలు నడుస్తున్నాయట, నాలుగోది నిలబడి ఉందట!"

చక్రం విప్పి చూస్తే తీగని పందికొక్కు కొరికేసి ఉంది. పందికొక్కుల గురించి నాకు ఎవరూ నేర్పలేదు. ఎక్కడ నొప్పో చెప్పగలను గాని, ఎందుకు నొప్పో వంగి చూసుకోవలసింది మనుషులే. ఆ మెకానిక్కే కొత్త తీగ వేసి, "వైరే అయ్యుంటాదని నాను అప్పుడే అనుకున్నానండి," అన్నాడు.

మర్నాడు అరకు దారిలో ఒక మలుపు తిరగగానే మేకల మంద అడ్డొచ్చింది. వాన పడి ఉంది. డాక్టరు గారు బలంకొద్దీ తొక్కారు. బండి జారకుండా తిన్నగా ఆగింది. మేకలన్నీ దాటాక ఇద్దరూ ఎందుకో పగలబడి నవ్వారు.

నాలుగేళ్ళకి డాక్టరు గారి నడుము ఆ బండిలోంచి లేవడానికి ఒప్పుకోవడం మానేసింది. అమ్మకానికి పెట్టారు. కాకినాడ నుంచి బేకరీ నడిపే నఫీసా గారు చూడడానికి వచ్చారు. వెంట తెచ్చుకున్న అగ్గిపెట్టెంత స్కానర్‌ని ఫోనుకి కలిపి చూసి, "ఏ లోపమూ లేదంటందండి," అన్నారు సంతోషంగా.

గేర్‌బాక్సు విపరీతంగా వేడెక్కుతోందని ఆ ముందు రోజే నేను డాక్టరు గారికి చెప్పాను. బండి చాలాసేపు నడిస్తే గాని బయటపడని జబ్బు అది. అగ్గిపెట్టె పరికరానికి ఇంజన్ మాట ఒక్కటే వచ్చు. నఫీసా గారు పావుగంట నడిపి చూసి, కాగితాలు రాసుకుందామన్నారు. సత్యవేణి గారు కాలేజీలో ఉన్నారు. అడిగేవాళ్ళు లేరు.

డాక్టరు గారు నన్ను సొరుగులోంచి తీశారు. మళ్ళీ లోపల పెట్టారు. మళ్ళీ తీశారు.

"ఒక్క నిమిషం ఆగండమ్మా. మీదానికి గేర్‌బాక్సు మాట రాదు. ఇది తగిలించి చూడండి."

ముందు రోజు వేడెక్కిన సంగతి బండి ఇంకా గుర్తుపెట్టుకునే ఉంది. అది చదివి నఫీసా గారి ముఖం వాడిపోయింది. "మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదండీ."

"అనకాపల్లి దాటాక తెలిసేదమ్మా."

ఆవిడ కొనకుండానే వెళ్ళిపోయారు. డాక్టరు గారు గుమ్మంలో చాలాసేపు కూర్చున్నారు. నన్ను తిట్టుకుంటున్నారో, తనను తాను తిట్టుకుంటున్నారో నా తెర మీద కనిపించే సంగతి కాదు.

తొమ్మిదో రోజున ఫోను మోగింది.

"డాక్టరు గారండీ, మీ తర్వాత నాలుగు బండ్లు చూశానండి. ఒక్కదానికీ ఏ జబ్బూ లేదంటన్నారు. నాకు భయమేసిందండి. ఆ గేర్‌బాక్సు నేను బాగుచేయించుకుంటాను గాని, మీ బండే ఇచ్చెయ్యండి. ఆ పెట్టె కూడా."

ఇప్పుడు కాకినాడలో, బేకరీ బల్ల మీద, తక్కెడకీ రస్కుల డబ్బాకీ మధ్య ఉంటున్నాను. నా బటన్ల సందుల్లో మైదా చేరింది. గేర్‌బాక్సు బాగై వచ్చిన బండికి నిన్న నఫీసా గారు నన్ను తగిలించారు. అన్నీ బాగున్నాయని రాశాను. ఆవిడ నమ్మలేదు. తీగ తీసి, సాకెట్ ఊది, మళ్ళీ గుచ్చారు. మళ్ళీ అదే రాశాను.

నాకేం కోపం రాలేదు.