సోమమ్మ చేదు

జడ్చర్ల దిక్కున, గుట్ట కింది ఊళ్లో ఎవరికి జ్వరమొచ్చినా సోమమ్మ నేలవేము కషాయమే దిక్కు. అంత చేదు చుట్టుపక్కల ఏ మొక్కకూ లేదు. గుక్క దిగితే దయ్యమైనా లేచి ఉరకాల్సిందే. సోమమ్మ చనిపోయిన ఏడాది వానలు మొహం చాటేశాయి. రాళ్లదిబ్బ మీది ఆమె మొక్కలన్నీ మాడిపోయాయి. కూతురు జానమ్మకు మిగిలింది చిన్న మట్టి గురిగిలో దాచిన విత్తనమే.

దాన్ని మళ్లీ రాళ్ల పాలు చేయడానికి జానమ్మకు మనసొప్పలేదు. గొర్రెలు కాసే కురుమోళ్ల ఇంట్లో ప్రేమంటే గొర్రె ఎరువే కదా! మొగుడు ఎల్లేశంతో చెలకలో మందను పడుకోబెట్టించి, ఆ నేలలో గురిగంతా దులిపేసింది. మొక్కలు నల్లగా నిగనిగలాడుతూ మోకాళ్లు దాటాయి. మంచు పొద్దున వాటి మధ్య తిరుగుతుంటే అమ్మ ముందు నడుస్తున్నట్టే, ఆమె కొంగు ఆకులకు తగులుతున్నట్టే ఉండేది.

ఒకనాడు ఆకు తెంపి నమిలింది. చేదుగానే ఉంది, ఏ వేపాకైనా ఉన్నంత చేదు. అమ్మ చేదు కాదు. జానమ్మ గట్టు మీద కూలబడింది.

"నా చేతులార అమ్మ గుర్తు పోగొట్టుకున్న," అని ఏడ్చింది.

ఆ నెలలోనే నేలవేము వెతుక్కుంటూ అమరేందర్ అనే ఆయన వచ్చాడు. హైదరాబాదులో మందుమొక్కల మీద చదువుతున్నాడట. జానమ్మ చెప్పిందంతా విని, తానూ ఒక ఆకు నమిలాడు.

"చేదు ఉత్తగ రాదమ్మా. ఎండకు, పురుగుకు తట్టుకోనీకి మొక్క చేసుకుంటది. నువ్వు కడుపునిండ పెట్టినవ్, ఇగ దానికెందుకు ఆ కష్టం?"

"గింజ గూడ మర్సిపోయిందా సారూ?"

"గింజ లోపల తల్లి గుణం ఉంటది, పోదు. గీ మొక్కల విత్తనం రాళ్లల్ల ఏసి సూడు. చేదు ఎంత వస్తదో నేనైతే ఖాయంగ చెప్పలేను."

వానాకాలం రాగానే దిబ్బ మీద చల్లింది. ఎరువు వేయలేదు, నీళ్లు పోయలేదు. బిందె ఎత్తబోయి, చేతిని తిట్టుకుని దించేది. కలలో అమ్మ ఆ రాళ్ల మీదే కూర్చుని నవ్వేది. పాలు మాన్పించడానికి రొమ్ముకు నేలవేము పూసిన ముచ్చట మళ్లీ మళ్లీ చెప్పేది. "అందరి పోరలు థూ అని ఊంచిండ్రు. నువ్వు చేదుతోనే తాగి నిద్రపోయినవ్ బిడ్డా."

చలికాలానికి మొక్కలు జానెడే ఎదిగాయి, బక్కగా, ఎర్రబారిన ఆకులతో. అయినా జానమ్మ ఒక ఆకు నోట్లో వేసుకుంది.

చేదు నాలుకను పట్టి నడినెత్తికి పాకింది. కళ్ల నిండా నీళ్లొచ్చాయి.

"ఊంచెయ్యే, ఊంచెయ్!" వెంట వచ్చిన ఎల్లేశం కంగారుపడ్డాడు.

జానమ్మ తల అడ్డంగా ఊపింది. ఎండకు వెచ్చగా ఉన్న దిబ్బ రాయి మీద మెల్లగా ఒరిగి, కళ్లు మూసుకుని, మింగింది.