శుక్రవారం చెప్పిన మనవి

"ఎవరన్న చూసి మీ సారుకు చెప్తే ఎట్ల బిడ్డా? ఉన్నది పాయె, వచ్చేది రాకపాయె."

గ్రేస్ సర్టిఫికెట్లు కవర్లో సర్దుతూ తలెత్తలేదు. "నువ్వు ఎవ్వరికి చెప్పకు. గంతే."

నా బిడ్డ జడ్చర్ల దగ్గర మందుల కంపెనీలో, ల్యాబ్‌లో పని చేస్తుంది. మూడేళ్లయినా కాంట్రాక్టే. ఏటా సెక్షన్ ఇన్‌చార్జి ప్రేమ్‌సాగర్ సారు సంతకం చేస్తేనే ఇంకో ఏడు. ఈసారి ఆ సంతకానికి ఇంకా పది రోజులున్నాయి. షాద్‌నగర్‌లో ఇంకో కంపెనీ సోమవారం ఇంటర్వ్యూకు రమ్మంది. అక్కడ పర్మనెంటు. మా ఆయన లింగస్వామి నడుము పట్టేసి హమాలీ పని మానేశాక ఇంట్లో జీతం ఆ పిల్లదొక్కటే.

"జరమొచ్చిందని చెప్పు," అన్నాను.

"లేని జరమెందుకు? నా సెలవు నాకున్నది. సొంత పని అని రాసిన."

కంపెనీ కాగితం ఒక్కటి కూడా వెంట తీసుకెళ్లదట. ఇక్కడి గుట్టు అడిగినా చెప్పదట. షాద్‌నగర్ వాళ్లు ఫోన్ చేస్తే తిండి టైములో గేటు బయటికొచ్చి మాట్లాడిందట.

అంత జాగ్రత్తగా ఉన్న పిల్లను నేనే ముంచాను.

శుక్రవారం చర్చిలో ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన. "మనవులున్నోళ్లు లేచి చెప్పున్రి," అంది పాస్టరమ్మ. మా దగ్గర మనవి అందరి ముందూ చెప్పాలి. అందరూ ఆమెన్ అంటేనే అది గట్టిపడుతుందని మా అత్త నేర్పింది. వారం నుంచి కడుపులో దాచుకున్న భయం నన్ను కూర్చోనివ్వలేదు. లేచి, "సోమవారం నా బిడ్డ వేరే కంపెనీల ఇంటర్వ్యూకు పోతాంది, ఏది అడ్డం రాకుండ ప్రార్థన చెయ్యున్రి," అన్నాను.

అందరూ ఆమెన్ అన్నారు. అందరికంటే గట్టిగా అన్న గొంతు ఎవరిదా అని చూశాను. ప్రమీలమ్మ. ప్రేమ్‌సాగర్ సారు భార్య.

చాపలు చుట్టేటప్పుడు ఆమె దగ్గరికి పోయాను. "అక్కా, సారుతోని అనకున్రి."

"నేనెందుకంట సాలమ్మా," అని నవ్వింది. అది ఎటువంటి నవ్వో నాకు తేలలేదు.

శనివారమంతా దాచాను. ఆదివారం పొద్దున గ్రేస్ జడ వేసుకుంటుంటే మనవి సంగతి, ప్రమీలమ్మను బతిమాలిన సంగతి చెప్పేశాను. జడ సగంలో ఆగింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఇగ నేనే పోయి సారుకు చెప్త."

"ఆయన ఇంకా ఇనలేదేమో బిడ్డా. సంతకం ఆయన చేతుల ఉన్నది."

"నీ కోసం గామె మొగనికాడ దాసుకుంట తిరగాల్నా? అది న్యాయమేనా అమ్మా?"

మంచం మీద నుంచి మా ఆయన అన్నాడు: "ఆమె నోరు కట్టేసుడు కంటె నీ బిడ్డ నోరు తెరుసుడే నయం. పోనియ్యి."

ఆరాధన అయ్యాక ప్రేమ్‌సాగర్ సారు చర్చి మెట్ల మీద కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు. పక్కన ప్రమీలమ్మ. గ్రేస్ ఎదురుగా నిలబడింది. నేను రెండడుగుల వెనక.

"సర్, రేపు సెలవు పెట్టిన గద. ఇంటర్వ్యూకు పోతున్న. ఆడ పర్మనెంటు ఇస్తమంటున్నరు. వస్తే నెల నోటీసిచ్చి, నా పని ఇంకొకలకు నేర్పి పోత. రాకుంటే ఈడనే చేస్త. మీకు నేనే చెప్పాలనిపించింది."

సారు చెయ్యి బూటు తాడు మీద ఆగింది. ప్రమీలమ్మ కొంగు సర్దుకుంటూ అటు తిరిగింది. "దాని తప్పు లేదు సారూ" అనబోయాను. గ్రేస్ వెనక్కి చూడకుండానే నా చెయ్యి నొక్కింది. గేటు దగ్గర బండ్లు ఒక్కొక్కటే స్టార్టయి పోతున్నాయి. సారు ఒక తాడు ముడేశాడు. విప్పాడు. మళ్లీ ముడేశాడు. రెండో బూటు దులిపి తొడుక్కున్నాడు. పిల్లకు పెళ్లి కాకముందే పని పోయిందని ఊరంతా అనుకోవడం కూడా నాకు వినబడుతోంది.

సారు లేచి నిలబడ్డాడు.

"పోయి రా," అన్నాడు. "నీ కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెడ్త. కాని నెల నోటీసు సరిపోదు గ్రేస్. నీ అసుంటోళ్లు దొరకాల్నంటె రెండు నెలలు పడ్తది."